పండుగల్లేని నెలల్లో పనికొచ్చే కతోలిక క్యాలెండర్

ఫాతిమానగర్‌లో ఆదివారం పూజ అయ్యాక స్టాల్‌లో కొన్న తెలుగు గోడ క్యాలెండర్ గురించి రాస్తున్నా. ధర 70 రూపాయలు.

క్రిస్మస్ ఎప్పుడో, ఈస్టర్ ఎప్పుడో తెలుసుకోవడానికి మనకు క్యాలెండర్ అక్కర్లేదు, ఇంట్లో పిల్లలే గుర్తుచేస్తారు. దాని అసలు పనితనం తెలిసేది సామాన్య కాలంలో, అంటే క్రిస్మస్, ఈస్టర్ కాలాలు కాని మామూలు వారాల్లో. జనవరిలో ప్రభువు జ్ఞానస్నాన పండుగ తర్వాత విభూది బుధవారం (ఈస్టర్‌కు ముందు తపస్సు కాలం మొదలయ్యే రోజు) ముందు వరకు కొంత, ఈస్టర్ తర్వాత ఏడు వారాలకు వచ్చే పెంతెకోస్తు పండుగ మర్నాటి నుంచి, క్రిస్మస్‌కు సిద్ధపడే ఆగమన కాలం వరకు మిగతాది, అంతా కలిపి 33 లేదా 34 వారాలు. మన వైపు పత్తి గింజలు పెట్టే జూన్ నుంచి పత్తి ఏరి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తోలే నవంబరు దాకా ఫాదర్ గారు ఎక్కువగా ఈ కాలపు రంగైన ఆకుపచ్చ వస్త్రాల్లోనే కనిపిస్తారు. పొలం, బడి ఫీజులు, డ్యూటీల టెన్షన్ మధ్య ప్రార్థన జారిపోయేది కూడా ఈ నెలల్లోనే.

అందుకే కొనే ముందు జూన్, జూలై పేజీలు తిప్పి చూశాను. శుక్రవారాలకు, మాంసం మానేయడాన్ని గుర్తుచేసే చిన్న చేప గుర్తు ఉంది. తపస్సు కాలంలో తప్ప మిగతా శుక్రవారాలతో పని లేదనుకునేవాళ్ళు మనలో చాలామంది, కానీ శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం ప్రకారం ఏడాదంతా ప్రతి శుక్రవారం ప్రాయశ్చిత్త దినమే. యేసు తిరుహృదయ మహోత్సవం అనే పెద్ద పండుగ వచ్చే శుక్రవారానికి మాత్రం చేప గుర్తు వేయలేదు, ఎందుకంటే మహోత్సవం రోజున మాంసం మానేయాలన్న నియమం ఉండదు. ఇంత జాగ్రత్తగా వేశారంటే తయారుచేసినవాళ్ళకు విషయం తెలుసన్నమాట. జూలై 29 పునీతుల పండుగకు కూడా పాత అలవాటుగా ఒక్క మార్తమ్మ పేరే కాకుండా, 2021లో రోము మార్చినట్టు మార్త, మరియ, లాజరు ముగ్గురి పేర్లూ ఉన్నాయి.

నాకు బాగా నచ్చింది ఏ రోజు సువిశేషం (పూజలో చదివే యేసు కథ భాగం) ఆ రోజు గడిలోనే ఇవ్వడం. సామాన్య కాలం మామూలు రోజుల్లో ముందు మార్కు, పదో వారం నుంచి మత్తయి, ఇరవై రెండో వారం నుంచి లూకా వరుసగా నడుస్తాయి కాబట్టి రాత్రి అన్నాలయ్యాక జపమాల పూర్తిగా చెప్పే ఓపిక లేని రోజు కూడా ఆ నాలుగు వచనాలు చదివి పడుకుంటున్నాం. మా ఆవిడ పాల లెక్క, గ్యాస్ బుక్ చేసిన తేదీ కూడా అవే గడుల్లో రాస్తుంది. లూకా 10 పక్కనే "పాలు లీటరున్నర" అని ఉంటుంది, నాకైతే అది చాలా బాగుంది, మన విశ్వాసం ఉండాల్సింది ఆ లెక్కల మధ్యనే కదా.

లోపాలు లేకపోలేదు. లేత ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలు వేశారు, మా అమ్మ కళ్ళద్దాలు పెట్టుకున్నా ఆదివారం పఠనాలు కనిపించడం లేదు. పైన రేకు పట్టీ వదులైపోతే దారంతో కట్టాను. పునీతుల గురించి ఒక్కో వాక్యమైనా రాసి ఉంటే పిల్లలకు చెప్పుకోవడానికి ఉండేది, దాని బదులు వెనక పేజీలన్నీ ప్రకటనలతో నింపారు.

ఐదుకు నాలుగు ఇస్తాను. కావాలనుకుంటే ఆగమన కాలం మొదలవగానే తీసుకోండి, క్రిస్మస్ దాకా ఆగితే స్టాల్‌లో మిగలవు.