జాబ్ కార్డులో ఒక్క లైను: బయటి రిలే కిట్, ఎక్స్‌టెండెడ్ వారంటీ, నా అనుభవం

మైలేజీ ఎంత, బూట్‌లో ఎన్ని బ్యాగులు పడతాయి, వెనక సీట్లో ముగ్గురు కూర్చోగలరా అన్నవి ఈపాటికి అందరూ రాసేశారు. 2019లో కొన్న డీజిల్ కాంపాక్ట్ ఎస్‌యూవీ, బీఎస్4 బండి, ఎక్స్‌టెండెడ్ వారంటీ (మామూలు వారంటీ గడువు దాటాక కూడా నడిచే పొడిగింపు) ఉంది. అంతకు మించి పరిచయం అక్కర్లేదు. నేను రాయబోయేది దీనితో నాకు దొరికిన ఒకే ఒక్క తృప్తి గురించి. బయట చేయించిన పనిని సర్వీస్ సెంటర్లో దాచకుండా చెప్పి, జాబ్ కార్డులో, అంటే బండి సర్వీసుకి ఇచ్చేటప్పుడు వివరాలు రాసి సంతకం చేయించే కాగితంలో, రాయించాను. అవసరం పడ్డ రోజు ఆ లైనే నాకు అండగా నిలబడింది.

పని పెద్దదేం కాదు. ఈ బండి హెడ్‌లైట్లు దీపం బుడ్లు. హెచ్4 హాలోజన్, 60/55 వాట్లు (హై బీమ్‌కి 60, డిమ్‌కి 55). నేను విజయవాడ, హైదరాబాద్ మధ్య ఎక్కువగా రాత్రిళ్ళే తిరుగుతాను. ఎదురుగా లారీ హై బీమ్ కొడితే మన వైపు రోడ్డు ఉందో లేదో తెలియదు. 100/90 బల్బులు వేయమని సలహా ఇచ్చినవాళ్ళు చాలామంది. అంత వాటేజీ రోడ్డు మీద చెల్లదు, పైగా ఆ వేడికి ప్లాస్టిక్ హోల్డరు కరుగుతుంది, రిఫ్లెక్టర్ మసిబారుతుంది. ఆటోనగర్‌లో ఒక పాత ఎలక్ట్రీషియన్ వేరే దారి చూపించాడు. ఇంజిన్ ఆన్‌లో పెట్టి బల్బు కప్లర్ (బల్బుకి తగిలించే ప్లగ్గు) దగ్గర మీటరు పెడితే 11.9 వోల్టులు. అదే సమయంలో బ్యాటరీ దగ్గర 14.1. మిగతాదంతా సన్న వైర్లలోనూ స్టీరింగ్ పక్క స్విచ్చులోనూ పోతోంది. రిలే అంటే చిన్న కరెంటు సైగతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చు. రిలే కిట్ పెడితే బల్బుకి కరెంటు బ్యాటరీ నుంచి మందపాటి వైరు మీదుగా నేరుగా వస్తుంది, కంపెనీ స్విచ్చు రిలేకి సైగ మాత్రమే ఇస్తుంది. పెట్టాక కప్లర్ దగ్గర 13.4 చూపించింది. బల్బు అదే 60/55. కంపెనీ వైరు ఒక్కటీ కోయలేదు. కప్లర్ ఊడదీసి కిట్‌కి తగిలించడమే పని, విప్పితే బండి మళ్ళీ షోరూమ్ నుంచి వచ్చినట్టే.

తర్వాతి సర్వీసుకి వెళ్ళినప్పుడు బానెట్ ఎత్తి, బండి అప్పగించుకునే సర్వీస్ అడ్వైజర్‌కి నేనే చూపించాను. అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎందుకు చెప్పారు సార్? మేం చూడనట్టు వదిలేసేవాళ్ళం కదా." రాయమన్నాను. వద్దన్నాడు. రాయకపోతే సంతకం పెట్టనన్నాను. చివరికి కస్టమర్ రిమార్క్స్ గడిలో హెడ్‌లైట్ రిలే కిట్ కస్టమర్ పెట్టించుకున్నదనీ, కంపెనీ వైరింగ్ ఎక్కడా కట్ కాలేదనీ రాసి, రెండు ఫొటోలు తీసి నాకు వాట్సాప్ చేశాడు. తర్వాత ప్రతి సర్వీసుకీ అదే లైను రాయించాను. మా ఆవిడకి ఇదొక పిచ్చిలా కనిపించేది.

2022లో ఒక రాత్రి హైదరాబాద్ నుంచి వస్తుంటే సూర్యాపేట దాటాక డాష్‌బోర్డు మీద ఎర్ర బ్యాటరీ గుర్తు వెలిగింది. ఏసీ, మ్యూజిక్ ఆపేశాను. కాసేపటికి లైట్లు పసుపెక్కాయి, స్టీరింగ్ బరువెక్కింది. కోదాడ వచ్చేసరికి ఇక లాభం లేదని ఆపేసి లాడ్జిలో పడుకున్నాను. పొద్దున్నే ఒక బ్యాటరీ షాపు అతను దయతలిచి త్వరగా తెరిచాడు. అక్కడ మీటరు పెడితే ఇంజిన్ నడుస్తున్నా బ్యాటరీ దగ్గర 11.8. నడిచే బండికి 14 దరిదాపుల్లో ఉండాలి. బెల్టు బాగానే ఉంది. "ఆల్టర్నేటర్ పోయిందండీ, మీరింక బ్యాటరీ మీదే పోవాలి" అన్నాడు. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది ఆల్టర్నేటరే. నిండా ఛార్జింగ్ పెట్టించుకుని, ఎండలో ఏసీ లేకుండా, లైటు వేయకుండా విజయవాడ చేరాను. నందిగామ దగ్గర టీ తాగుదామనిపించినా ఇంజిన్ ఆపే ధైర్యం లేక సాగిపోయాను.

సర్వీస్ సెంటర్లో ఆ పూట ఉన్నది కొత్త కుర్రాడు. బానెట్ ఎత్తాడు, ఎర్ర వైరు చూశాడు, తీర్పు చెప్పేశాడు. "ఔట్‌సైడ్ వైరింగ్ సార్, ఎలక్ట్రికల్ వారంటీ వాయిడ్." ఎస్టిమేట్ ఇచ్చాడు. అంకె ఇక్కడ రాయను, చూడగానే కుర్చీ వెతుక్కున్నాను. పాత జాబ్ కార్డులు బయటికి తీశాను. మూడేళ్ళుగా మీ సంతకంతోనే ఈ కిట్ నమోదై ఉంది, ఏ రోజూ మీరు అభ్యంతరం చెప్పలేదు, ఇప్పుడు క్లెయిమ్ కాదంటే కారణం రాసివ్వండి అన్నాను. రాసివ్వమనేసరికి లోపలికి వెళ్ళి మేనేజర్‌ని తీసుకొచ్చాడు.

మేనేజర్ వినేరకం. వారంటీ బుక్‌లెట్‌లో ఆ పేరా ఇద్దరం కలిసి చదివాం. బయటి ఫిట్టింగుల వల్ల కలిగిన నష్టానికి వర్తించదు అని ఉంది, ఫిట్టింగ్ ఉంటే చాలు మొత్తం రద్దు అని లేదు. మీ బుక్‌లెట్ వేరేలా ఉండొచ్చు, చూసుకోండి. "సరే, కిట్ తీసేసి చూద్దాం" అన్నాడాయన. తీసి, కంపెనీ కప్లర్లు మళ్ళీ బల్బులకి తగిలించి, వేరే మంచి బ్యాటరీ వేసి స్టార్ట్ చేశారు. మీటరు పెరగలేదు, మెల్లగా పడిపోతూనే ఉంది. ఆల్టర్నేటర్ విప్పితే లోపల వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ కాలిపోయి ఉంది.

నా కిట్ వల్ల లోడు పెరిగి కాలిందేమో అని ఒకరన్నారు. రెండు బల్బులు డిమ్‌లో కలిపి తాగేది పది ఆంపియర్ల దరిదాపు. వోల్టేజీ సరిగ్గా అందడం వల్ల పెరిగేది ఒక ఆంపియర్ కూడా ఉండదు. ఏసీ బ్లోయర్, వెనక గ్లాస్ డీఫాగర్ కలిసి లాగేదాని ముందు ఇదెంత? కంపెనీ ఇంజినీరు ఫొటోలు, రీడింగులు అడిగి తెప్పించుకుని నాలుగో రోజున క్లెయిమ్ పాస్ చేశాడు. కొత్త ఆల్టర్నేటర్ వచ్చింది. బ్యాటరీ మాత్రం నా ఖర్చే, దాని వారంటీ బ్యాటరీ కంపెనీది, కారు కంపెనీది కాదు.

ఇక్కడిదాకా చదివి అన్నీ చెప్పేస్తే చాలు అనుకోకండి. నా పని విప్పి చూపించగలిగేది కాబట్టి ఆ లైను నాకు పనికొచ్చింది. అదే వైరు కోసి టేపు చుట్టి ఉంటే, నేను పట్టుబట్టి రాయించిన రిమార్కే వాళ్ళ చేతిలో సాక్ష్యం అయ్యేది. ఆ మేనేజర్ తర్వాత వేరే ఊరు వెళ్ళిపోయారు. మరుసటి ఏడాది హెడ్‌లైట్ స్విచ్చు మొరాయిస్తే కొత్తాయన బానెట్ కూడా ఎత్తకుండా కాదన్నాడు. రిలే పెట్టాక ఆ స్విచ్చు మీద భారం తగ్గుతుందే గానీ పెరగదు. చెప్పి చెప్పి విసుగొచ్చి డబ్బు కట్టేశాను. ఆల్టర్నేటర్ కోసం నిలబడిన ఓపిక ఆ చిన్న స్విచ్చుకి రాలేదు.

ఇంకో కడుపుమంట ఉంది. బండి డెలివరీ రోజున షోరూమ్ వాళ్ళే ఫాగ్ ల్యాంపులు పెట్టి ఇచ్చారు. ఆల్టర్నేటర్ గొడవలో బంపర్ వెనక చూస్తే, కంపెనీ వైరు తొక్క ఒలిచి జాయింటు కొట్టి నల్ల టేపు చుట్టి ఉంది! నా కిట్ మీద అంత గోల చేసినవాళ్ళు దాన్ని చూసి నోరు మెదపలేదు. యాక్సెసరీస్ బిల్లు వాళ్ళదే కాబట్టి వారంటీకి ఇబ్బంది లేదట. బంపర్ ముందు గార్డులు పెట్టనివ్వొద్దని 2017 డిసెంబరులో కేంద్రం రాష్ట్రాలకి లేఖ రాసింది. నేను బండి తీసుకున్నప్పుడు షోరూమ్ యాక్సెసరీస్ కౌంటర్లోనే అలాంటి గార్డు ఒకటి గోడకి వేలాడుతూ ఉంది. షోరూమ్ వాళ్ళు పెట్టేదంతా సక్రమమేనని నమ్మలేం. కాబట్టి షోరూమ్ ఫిట్టింగులకి కూడా విడిగా బిల్లు తీసుకోండి, పెట్టినవాడి సంతకంతో సహా.

మా బావమరిది పద్ధతి వేరు. అతని డీజిల్ బండికి ట్యూనింగ్ బాక్స్ ఉంది. ఇంజెక్టర్లకి డీజిల్ అందించే గొట్టంలో (దాన్నే రైల్ అంటారు) ప్రెషర్ తక్కువుందని ఇంజిన్ కంప్యూటర్ ఈసీయూకి అబద్ధం చెప్పి, డీజిల్ ఎక్కువ కొట్టించి పవర్ పెంచే రకం. సర్వీసుకి వెళ్ళే ముందు రోజు ఊడదీస్తాడు, వచ్చాక తగిలిస్తాడు. ఇప్పటిదాకా ఏమీ కాలేదు, "మీరు అనవసరంగా నోరు జారుతారు బావా" అని నన్నే ఆటపట్టిస్తాడు. నాకూ ఆ బాక్స్ మీద మోజు ఉంది. మా పాత అడ్వైజర్‌ని నేరుగా అడిగితే "పెట్టుకోండి సార్, ఇంజిను, టర్బో, ఇంజెక్టర్ల మీద మాత్రం ఆశ వదిలేయండి" అన్నాడు. దాంతో ఆగిపోయాను. అంటే నిజం చెప్పాలనుకున్నందుకు నాకు పోయిన సరదా ఇది, లెక్కలో దీన్ని కూడా వేసుకోవాలి.

మొత్తం మీద రిలే కిట్‌కి, ఎక్స్‌టెండెడ్ వారంటీకి రెండిటికీ మంచి మార్కులే వేస్తాను. కానీ నా బండి పాత తరహా హాలోజన్ బండి, నేను రాత్రిళ్ళు తిరిగేవాణ్ణి, కాగితాలు జాగ్రత్తగా భద్రపరిచే అలవాటున్నవాణ్ణి, సర్వీస్ సెంటర్లో నాలుగు రోజులు బండి వదిలేసి ఆటోల్లో తిరిగే వెసులుబాటు ఉన్నవాణ్ణి. ఎల్ఈడీ హెడ్‌లైట్ల బండి అయితే ఈ కిట్ ఊసే వద్దు. సీఎన్జీ కిట్ లాంటిది పెట్టించే పనైతే డీలర్‌కి చెప్పడంతో సరిపోదు, ఆర్‌సీలో ఎక్కించాలి, ఇన్సూరెన్స్‌లో రాయించాలి. నా వారంటీ 2024లో అయిపోయింది. ఇప్పుడు అడ్డు చెప్పేవాళ్ళెవరూ లేకపోయినా ఆ బాక్స్ ఇంకా కొనలేదు, ఇంజెక్టర్ల ధర కనుక్కున్నాక.