పెరట్లో చిన్న పిట్టల ఫొటోలకు ఏది మేలు: 600 లెన్సా, నాలుగు మీటర్ల దూరంలో డేరానా?

ఈ మధ్య కెమెరా మాట ఎత్తితే చాలు, అందరూ అడిగేది ఒకటే. “300 లెన్స్ ఉంది. పెరట్లోకి వచ్చే పిట్టలు ఫొటోలో చుక్కల్లా పడుతున్నాయి. 150-600 తీసుకోనా?” (ఈ అంకెలు లెన్స్ ఫోకల్ లెంగ్త్, మిల్లీమీటర్లలో. అంకె పెరిగేకొద్దీ పిట్ట అంత పెద్దగా కనిపిస్తుంది.) రెండు నెలల కిందట నేనూ ఇదే ఆలోచనలో ఉన్నాను. కొందామని ఖాయం చేసుకుని, ఆఖర్లో ఆగాను. ఒక స్నేహితుడి దగ్గర ఆ లెన్స్ పది రోజులు అరువు తెచ్చుకున్నాను. అదే సమయంలో ముదురాకుపచ్చ గుడ్డ, నాలుగు కర్రలతో పెరట్లో ఓ మూల, దాక్కుని నా 300తో తీయడానికి, చిన్న డేరా కట్టాను. దానికి నాలుగు మీటర్ల దూరంలో నీళ్ల పళ్లెం పెట్టాను. ఒకరోజు ఇది, ఒకరోజు అది.

పెద్ద లెన్స్ సుఖం పెద్దదే. పిట్ట చెట్టు చివర ఉన్నా, గోడ మీద ఉన్నా, వచ్చిన క్షణంలో తీసేయవచ్చు. ముందుగా ఏర్పాట్లేమీ అక్కర్లేదు. కాకపోతే దాదాపు రెండు కిలోలు. చేత్తో పట్టుకుంటే పావుగంటకే మోచేతులు లాగేస్తాయి.

అయినా నా లెక్కలో తేల్చేది లెన్స్ కాదు, దూరం. తేనెపిట్ట ముక్కు నుంచి తోక దాకా సుమారు 10 సెంటీమీటర్లు. అది 10 మీటర్ల దూరంలో ఉంటే 600 ఎం.ఎం. లెన్స్ దాన్ని సెన్సర్ (కెమెరాలో బొమ్మ పడే చిప్పు) మీద 6 మిల్లీమీటర్ల బొమ్మగా పడేస్తుంది. అదే పిట్టను 4 మీటర్ల నుంచి 300తో తీస్తే 7.5 మిల్లీమీటర్లు! చేతిలో ఉన్న చిన్న లెన్సే పెద్ద బొమ్మ ఇస్తోంది. 300 నుంచి 600కు మారితే ఎంత లాభమో, 8 మీటర్ల నుంచి 4 మీటర్లకు జరిగితే అంతే లాభం. ఆ జరగడానికి డబ్బు పెట్టనక్కర్లేదు, ఓపిక పెట్టాలి.

బొమ్మ సైజు ఒక్కటే అయితే ఇంత పట్టుబట్టేవాణ్ణి కాదు. మధ్యలో గాలి ఉంది. ఎండెక్కాక నేల నుంచి, గోడ నుంచి వేడి పైకి లేస్తుంటే దూరపు పిట్ట ఈకలు నీళ్లలోంచి చూసినట్టు అలుక్కుపోతాయి. మొదట్లో ఫోకస్ తప్పిందనుకుని లెన్స్‌ను అనుమానించాను. అదే లెన్స్‌తో పొద్దున్నే తీస్తే శుభ్రంగా వచ్చింది. ఈ అలుకును ఏ లెన్సూ దిద్దలేదు. నాలుగు మీటర్ల నుంచి తీసినవాటిలో అది నాకు ఎప్పుడూ కనిపించలేదు.

డేరాలో మొదటి రెండు రోజులు ఒక్క పిట్టా రాలేదు. మూడో రోజు పొద్దున ఓ పిచ్చుక నీళ్ల పళ్లెం అంచు మీద వాలింది. ముక్కు ముంచి తల పైకెత్తింది. గొంతు కింద ఈకలు ఒక్కొక్కటీ విడివిడిగా కదిలాయి, ముక్కు కొస నుంచి చుక్క జారింది. ఊపిరి బిగబట్టి తీశాను. ఇంట్లోకెళ్లి చూస్తే ఆరు ఫ్రేముల్లో రెండింటిలో కన్ను పాలలా తెల్లగా ఉంది. పక్షులకు రెప్పల లోపల ఇంకో పల్చటి పొర ఉంటుంది, అది కన్ను మీదుగా జారిన క్షణం అన్నమాట. ఆ పొరను నా ఫొటోలో చూడడం అదే మొదటిసారి. ఇప్పుడు పిట్ట కదలకుండా కూర్చున్నా ఒక్క ఫ్రేముతో ఆపను, వరుసగా నాలుగైదు తీస్తాను.

డేరా ఆలోచన పాతదే. 1892లో గుడ్లున్న గూటిని ఫొటో తీసిన బ్రిటిష్ సోదరులు రిచర్డ్ కీర్టన్, చెర్రీ కీర్టన్ తర్వాతి రోజుల్లో బోలుగా చేయించిన ఎద్దు బొమ్మలో దాక్కుని మరీ తీశారు. మనకు అంత అవసరం లేదు. గుడ్డ గాలికి కొట్టుకోకుండా బిగించి కట్టండి, పిట్టలు రంగు కంటే కదలికకే ఎక్కువ బెదురుతాయి. మూడు నాలుగు రోజులు ఖాళీగా వదిలేయండి. లెన్స్ పెట్టే కంతలో ఓ నల్లటి గొట్టం ఉంచితే, తర్వాత అసలు లెన్స్ వచ్చినా వాటికి కొత్తగా అనిపించదు. పళ్లెం పక్కన ఓ ఎండుకొమ్మ పాతండి, నీళ్లకు దిగే ముందు చాలావరకు దాని మీదే వాలతాయి. కొమ్మ వెనక మూడు మీటర్లు ఖాళీ ఉంటే బ్యాక్‌గ్రౌండ్ మెత్తగా కరిగిపోతుంది. నీళ్లు రోజూ మార్చాలి, పళ్లెం తోమాలి. మురికి నీళ్లతో పిట్టలకు జబ్బులు అంటుకుంటాయి.

దగ్గరితనానికి ఒక చిక్కు ఉంది. ఎఫ్ 5.6 (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పే అంకె) దగ్గర స్పష్టంగా వచ్చే లోతు నాలుగు సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. పిట్ట మనవైపు తిరిగి కూర్చుంటే కన్ను దొరుకుతుంది, తోక మసకబారుతుంది. అందుకే కొమ్మను పక్కవాటుగా పెడతాను, పిట్ట కూడా పక్కకు తిరిగే అవకాశం ఎక్కువ. షట్టర్ వేగం సెకనులో 1/1000 కంటే తగ్గనివ్వను. వెలుతురు తగ్గితే ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) పెంచుతాను. దానివల్ల ఫొటోలో వచ్చే గరుకుదనాన్ని తర్వాత కొంత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన కన్నును బాగుచేయలేం.

మిగతా దారులు కూడా అడుగుతుంటారు. మామూలు బటన్ రిమోట్‌తో కెమెరాను కొమ్మ పక్కన వదిలేస్తే బొమ్మ పెద్దగా వస్తుంది గానీ, ఫ్రేము ఎలా ఉందో చూసుకోలేం. గదిలోంచి కిటికీ అద్దం గుండా తీయవచ్చు, లెన్స్‌ను అద్దానికి ఆనించి తిన్నగా పెడితే చాలు. బైనాక్యులర్‌కు ఫోన్ తగిలించి తీయడం గుర్తుపట్టడానికి పనికొస్తుంది, అంతే.

చెట్ల కొసల్లో తిరిగే పిట్టలే మీకు ముఖ్యమైతే, పెరట్లో ఓ మూల కూర్చునే తీరిక లేకపోతే 600 కొనండి, తప్పు లేదు. నేను మాత్రం అరువు లెన్స్ తిరిగిచ్చేశాను. గూడు కనిపిస్తే మాత్రం డేరా వద్దు, లెన్స్‌తో దగ్గరికి వెళ్లడమూ వద్దు. మన రాకపోకలకు తల్లి గూడు వదిలేయవచ్చు, మనం తొలగించిన ఆకుల సందులోంచి కాకికి దారి దొరకవచ్చు. మొన్న మల్లెపొదలో గూడు చూశాక నా డేరాను పెరటి రెండో కొసకు మార్చాను. పిల్లలు ఎగిరిపోయే దాకా అక్కడే ఉంటుంది.