వీడియో, మొక్కలు, చెరువు కట్ట: పర్యావరణ పాఠానికి ఏది మేలు?

వరంగల్, జనగామ వైపు టీచర్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. పర్యావరణ పాఠం పిల్లల మనసుకు పట్టాలంటే వీడియో చూపించాలా, మొక్కలు నాటించాలా, ఎక్కడికైనా తీసుకుపోవాలా?

మంచుకొండలు కరగడం చూపించాలంటే వీడియోనే దిక్కు. కానీ బెల్లు కొట్టగానే మర్చిపోతారు. మొక్కలు నాటడం మంచిదే, వేసవి సెలవుల్లో నీళ్లు పోసేదెవరో ముందే అనుకుంటే.

ఇక ఎక్కడికైనా తీసుకుపోవడమంటారా, అసలు పోటీ ఏనెబావి అనే పల్లెకూ ఊరి చెరువుకూ మధ్యే. ఏనెబావి 2006 నాటికే ఊరంతా పురుగుమందులు, రసాయన ఎరువులు మానేసిన పల్లె. మందు కొట్టనిదే పంట చేతికి రాదని ఇంట్లో వింటూ పెరిగిన పిల్లలు అక్కడి పొలాలు చూస్తే ఆలోచనలో పడతారు. అమెరికా విద్యావేత్త జాక్ మెజిరో 1978లో పెద్దల చదువు గురించి ఇదే చెప్పారు: అప్పటిదాకా నమ్మినదానికి పొసగని సందర్భం ఎదురైతేనే మనిషి ఆలోచించే తీరు మారడం మొదలవుతుంది. పిల్లల విషయంలోనూ అది నిజమేనని నా నమ్మకం.

అయితే తాము అప్పటిదాకా ఏం నమ్మారో పిల్లలు ముందు బయటపెట్టాలి. ఏది మేలో తేల్చడానికి నేను చూసేది అదే. ఏనెబావిలో రైతు చెబుతుంటే వింటారు. చెరువు దగ్గర వాళ్లే ముందు ఊహించి, తర్వాత చూసుకుంటారు. మార్చిలో నీళ్లు తగ్గాక వెళ్లండి. రెండు ప్లాస్టిక్ సీసాల అడుగు కోసి, మూతికి గుడ్డ కట్టి, తలకిందులుగా నిలబెట్టండి. ఒకదాంట్లో చెలక మట్టి, ఇంకోదాంట్లో ఎండిన చెరువు మట్టి పొడి చేసి నింపించండి. ఏది నీళ్లు ఎక్కువ పట్టి ఉంచుతుందో నోట్‌బుక్కులో రాశాకే గ్లాసెడు చొప్పున పోయించండి. ఇసుక పాలు ఎక్కువున్న చెలక మట్టిలోంచి నీళ్లు గబగబా దిగిపోతాయి. చెరువు మట్టి తడిసి, ఉబ్బి, చుక్కచుక్కగా వదులుతుంది. "ఇది ఉత్త బురదే కదా సార్" అన్న పిల్ల వంగి మళ్లీ చూస్తుంది. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలయ్యాక రైతులు పూడిక మట్టిని ట్రాక్టర్లతో చెలకలకు ఎందుకు తోలుకున్నారో ఇక మీరు చెప్పనక్కర్లేదు. కాకతీయుల నాటి పాకాల చెరువు ఇన్ని వందల ఏళ్లు ఎట్లా నిలిచిందని వాళ్లే అడుగుతారు.

కాబట్టి నా ఓటు చెరువుకే. ఏనెబావికి తర్వాత వెళ్లండి, పిల్లలు తమ ప్రశ్నలు తాము రాసుకున్నాక. చెరువులో మట్టి తవ్విన గుంతలు లోతుగా ఉంటాయి, అటువైపు మాత్రం ఎవర్నీ పోనివ్వకండి.