ముపిరోసిన్ ఆయింట్‌మెంట్: పుండుకు సరే, సెగ్గడ్డకు దండగ

ఎండాకాలం తిరుపతిలో ఏ మందుల షాపుకెళ్లి "సెగ్గడ్డ లేచిందన్నా" అన్నా, కౌంటర్ మీదికి వచ్చేది 2 శాతం ముపిరోసిన్ అనే యాంటీబయాటిక్ పూతమందు, 5 గ్రాముల ట్యూబు. చీటీ చూసి ఇవ్వాల్సిన మందే, అడిగేవాళ్లు తక్కువ. పైపుండ్లకు దీనికి 5కి 4 మార్కులు. సెగ్గడ్డకు సున్నా.

పిల్లల మూతి చుట్టూ తేనెరంగు పక్కులు కట్టే పుండ్లు, గుండు చేయించుకున్నాక కత్తిగాటు దగ్గర లేచే చీముపొక్కులు, ఉత్తకాళ్లతో అలిపిరి మెట్లెక్కితే చిట్లే బొబ్బలు, వీటికి బాగా పనిచేస్తుంది. గోరువెచ్చటి సబ్బునీళ్లతో పక్కు నానబెట్టి తీసి, తడి అద్ది, పల్చగా రోజుకు 3 సార్లు రాయాలి. పక్కు మీదే పూస్తే మందు పుండుదాకా పోదు. 3 నుంచి 5 రోజుల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. 10 రోజులు దాటించకూడదు.

మందులకు లొంగని స్టాఫ్ (చీము పట్టించే స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా), అదే ఎంఆర్ఎస్ఏ మీద కూడా ఇది పనిచేస్తుంది. ఆ క్రిమి తన గోడ కట్టే ప్రోటీన్‌ను మార్చుకుని పెన్సిలిన్ జాతి మందుల్ని తప్పించుకుంటుంది. ముపిరోసిన్ గోడ జోలికే పోదు, లోపల ప్రోటీన్ల తయారీని ఆపుతుంది. అయితే ఊరికే నెలల తరబడి పూస్తే దీనికీ లొంగని రకాలు తయారవుతాయి.

సెగ్గడ్డలో పని న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలది. చర్మం కబురు పెట్టిన కొన్ని గంటల్లోనే రక్తనాళాలు దాటి వచ్చి, స్టాఫ్‌ను మింగి, బ్లీచింగ్ లాంటి రసాయనంతో చంపుతాయి. అది మందుకు లొంగే రకమా కాదా అన్నది వాటికి పట్టదు. కానీ స్టాఫ్ తక్కువదేం కాదు. దాని బంగారు రంగే ఆ బ్లీచింగ్ దెబ్బను కాస్తుంది. దాని ఒంటిమీది ప్రోటీన్-ఏ, క్రిమిని పట్టించే మన యాంటీబాడీని తోకవైపు పట్టుకుంటుంది, దాంతో న్యూట్రోఫిల్‌కు పట్టు దొరకదు. కొన్ని రకాలైతే విషంతో న్యూట్రోఫిల్‌కే చిల్లులు పొడుస్తాయి. మనం చూసే చీములో చాలావరకు ఆ చచ్చిన కణాలే. చుట్టూ ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టించే నారలాంటి ప్రోటీన్) గోడ లేస్తుంది, పైన పూసిన ఆయింట్‌మెంట్ దాన్ని దాటదు. మెత్తబడిన గడ్డను డాక్టరు చేత కోయించి చీము తీయించాలి. అప్పుడే కాస్త చీము కల్చర్‌కు, అంటే ఏ క్రిమో, ఏ మందుకు లొంగుతుందో చూసే ల్యాబ్ పరీక్షకు, పంపమని అడగండి. రిపోర్టులో స్టాఫ్ అని ఉండి, సెఫాక్సిటిన్ అనే యాంటీబయాటిక్ ఎదురుగా 'ఆర్' (లొంగదని గుర్తు) పడిందంటే ఎంఆర్ఎస్ఏ అని. అమాక్సిసిలిన్, సెఫలెక్సిన్ మాత్రలు ఇక వృథా.

గడ్డను పిండొద్దు, ముక్కు, పైపెదవి మీదైతే అసలే వద్దు. జ్వరం వచ్చినా, ఎర్రచార పాకినా, షుగర్ ఉన్నవాళ్లకు కాలిమీద లేచినా ఆరోజే ఆసుపత్రికి పోవాలి. షుగర్ పెరిగితే న్యూట్రోఫిల్స్ మందగిస్తాయి.

చిత్తూరు వైపు నింద మామిడిపండు మీద వేస్తారు, వేడి చేసిందని. పాపం మామిడి! స్టాఫ్ కాపురం ముక్కులో, దాదాపు 10 మందిలో ముగ్గురికి. గడ్డలు మళ్లీమళ్లీ వచ్చే ఇళ్లలో డాక్టరు చెబితే రెండు ముక్కు రంధ్రాల్లోనూ అగ్గిపుల్ల తలంత ముపిరోసిన్ రోజుకు 2 సార్లు, 5 రోజులు పెడతారు. చర్మానికి అమ్మే ట్యూబుల్లో చాలావాటిలో మందును కలిపేది పాలిథిలీన్ గ్లైకాల్‌లో, దాంతో ముక్కులో మంట పుడుతుంది. వాసలీన్ లాంటి పారాఫిన్‌లో కలిపిన ముక్కు రకం అడగాలి. పెద్ద పచ్చిపుండ్లు, కాలిన గాయాల మీద కూడా ఆ గ్లైకాల్ ట్యూబు వద్దు, రక్తంలోకి దిగి కిడ్నీలకు చేటు చేయొచ్చు.

కొనేముందు పెట్టె చదవండి. 'సోన్'తో ముగిసే పేరుగానీ, క్లోబెటసాల్ అనిగానీ ఉంటే స్టెరాయిడ్ కలిసినట్టే, వెనక్కిచ్చేయండి. రెండ్రోజుల్లో ఎరుపు తగ్గి నయమైనట్టే ఉంటుంది. స్టెరాయిడ్ న్యూట్రోఫిల్స్ రాకను తగ్గించింది, అంతే. క్రిమి ఉన్నచోటే ఉంటుంది.