యూరియా జిగురా, ఫినాల్ జిగురా: ఏది మేలు?

యూరియా-ఫార్మాల్డిహైడ్ రెసిన్‌కు ప్లైవుడ్, పార్టికల్ బోర్డు రంగంలో చౌకబారు జిగురన్న పేరు పడింది. చౌక అన్నది నిజమే, నాసిరకం అనడమే అన్యాయం. పొడిగా ఉండే చోట అది ఫినాల్ జిగురుకు (ఫినాల్, ఫార్మాల్డిహైడ్ కలిపి చేసే రెసిన్‌కు) ఏమాత్రం తీసిపోదు.

తయారీలో మాత్రం అదే ఎక్కువ చాకచక్యం అడుగుతుంది. ముందు స్వల్ప క్షార స్థితిలో యూరియా, ఫార్మాల్డిహైడ్ కలుస్తాయి. తర్వాత ఆమ్లం వేసి పీహెచ్‌ను 5 దగ్గరికి దించితే అణువులు గొలుసుకట్టి ద్రవం చిక్కబడుతుంది. కళ్లన్నీ ఆ చిక్కదనం మీదే ఉండాలి. సరైన సమయంలో క్షారం వేసి ఆపకపోతే రియాక్టర్‌లోనే గడ్డకట్టి కూర్చుంటుంది. చివర్లో ఇంకొంత యూరియా వేసి, మిగిలిపోయిన ఫార్మాల్డిహైడ్‌ను పట్టేస్తారు. ప్లైవుడ్‌కు వాడే ఫినాల్ రెసిన్ మొదటి నుంచి చివరి దాకా క్షారంలోనే ఉడుకుతుంది.

పలకను వేడితో అదిమి అతికించే యంత్రం, అంటే హాట్ ప్రెస్ దగ్గర యూరియాదే పైచేయి. కాస్త అమ్మోనియం క్లోరైడ్ కలిపితే ఆమ్లం పుట్టి, 100 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలోనే జిగురు బిగుస్తుంది. ఫినాల్‌కు 130 డిగ్రీలు దాటాలి, సమయమూ ఎక్కువే. పైగా యూరియా జిగురుకు రంగుండదు కనుక వెనీరు అనే పలచని చెక్క పొర మీద మరక తేలదు. ఫినాల్ పలక అంచు కోసి చూడండి, పొరల మధ్య ముదురు గోధుమ గీతలు కనిపిస్తాయి. (ఆ రంగొక్కటే చూసి కొనకండి. రంగు కలపడం ఎవరికీ కష్టం కాదు.)

నీటి దగ్గర కథ తిరగబడుతుంది. యూరియా రెసిన్‌లో కార్బన్-నైట్రోజన్ బంధాలు తేమకు, వేడికి క్రమంగా విరిగిపోతాయి. ఫార్మాల్డిహైడ్ మళ్లీ గాలిలోకి వస్తుంది. ఫినాల్‌లో అణువులను కలిపేవి కార్బన్-కార్బన్ బంధాలు. మరిగే నీటిలో గంటల తరబడి ఉంచినా పొరలు ఊడవు. సింకు కింది అరకు, ఆరుబయటి పలకకు ఫినాలే, ఇక రెండో ఆలోచన అక్కర్లేదు.

ఫార్మాల్డిహైడ్‌ను క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. అందుకే తయారీదారులు యూరియా వాటా పెంచి ఉద్గారాలు తగ్గిస్తున్నారు. అయితే ఆ వాటా మితిమీరితే జిగురు పట్టు సడలుతుంది. ఆ లోటు పూడ్చడానికి మెలమిన్ అనే మరో రసాయనం కలుపుతారు. తేమను ఓర్చుకునే శక్తి పెరుగుతుంది, ధర కూడా పెరుగుతుంది. వంటింటి అల్మరాలకు నా ఓటు ఈ మిశ్రమానికే. పడకగది బీరువాకు మాత్రం తక్కువ ఉద్గారాల ముద్ర ఉన్న యూరియా పలకే చాలు. కోసిన అంచులన్నీ ఎడ్జ్ బ్యాండ్‌తో (అంచుకు అతికించే పట్టీతో) మూయించాలి, ఫార్మాల్డిహైడ్ వాయువు ఎక్కువగా బయటపడేది అక్కడినుంచే.