రొట్టెల పండగలో బెలూన్ తుపాకులు

నెల్లూరు రొట్టెల పండగకి వెళ్ళేవాళ్ళు ముందు గది చూసుకోండి. మొహర్రం నెలలో ఆ పండగ రోజులు వచ్చాయంటే ఆర్టీసీ బస్టాండు చుట్టుపక్కల లాడ్జిలన్నీ నిండిపోతాయి, అద్దెలూ పెరుగుతాయి. మా గదిలో ఏసీ ఉంది గానీ చల్లదనం లేదు. అడిగితే "కరెంటు డిమ్ము సార్" అన్నారు. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, నీళ్ళు ఆగలేదు. ఆ రద్దీలో అదే పదివేలు.

బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె అంటూ మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్ళు ఇస్తారు, కోరుకునేవాళ్ళు పుచ్చుకుంటారు. తెల్లారుజామున వెళ్తే తోపులాట తక్కువ.

పిల్లలు జెయింట్ వీల్ క్యూలో నిలబడితే నేను బెలూన్లు కాల్చే అంగడి దగ్గర ఆగిపోయాను. ఎయిర్‌గన్ గొట్టం కిందికి వంచితే లోపల స్ప్రింగు బిగుస్తుంది. సీసపు గుండు పెట్టి, గొట్టం మూసి ట్రిగ్గర్ నొక్కితే ఆ స్ప్రింగు పిస్టన్‌ని తోస్తుంది, గాలి గుండుని తన్నుతుంది. అంతే యంత్రం.

ఈ సరదా వెనక పెద్ద చరిత్రే ఉంది. 1845లో ఫ్రాన్సులో ఫ్లోబేర్ అనే తుపాకుల తయారీదారు, ఇంటి హాల్లోనే గురి చూసుకోగలిగేంత తక్కువ జోరున్న తూటా తయారుచేశాడు. తర్వాత అమెరికా సంతల్లో విన్‌చెస్టర్ 1890 మోడల్ పంపు తుపాకీ (గొట్టం కింది పిడిని వెనక్కీ ముందుకీ లాగితే తూటా ఎక్కే రకం) రాజ్యమేలింది. దాని రూపకల్పన బ్రౌనింగ్ సోదరులది, తూటా పాయింట్ 22, అంటే అంగుళంలో 0.22 వంతు లావు. ఎదురుగా గొలుసు మీద తిరిగే పోత ఇనుము బాతులు. న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో రంగులరాట్నాలు చేసే మాంగెల్స్ ఈ ఇనప బొమ్మలు కూడా చేసేవాడు. అవి అసలు తూటాలే కాబట్టి వెనక గట్టి ఇనప తెర తప్పదు. 1936లో సీబర్గ్ కంపెనీ రే-ఓ-లైట్ తెచ్చి తూటానే తీసేసింది. తుపాకీలోంచి వెలుతురు వస్తుంది, అది బాతు మీద పడితే లోపలి ఫొటోట్యూబు పసిగడుతుంది. వీడియోగేమ్ తుపాకీకి అది తాత అనుకోవచ్చు.

నన్నడిగితే వీటన్నిటికంటే మన బెలూనే తెలివైనది. తగిలిందా లేదా అన్న తగువే లేదు, పేలితే తగిలినట్టే.

ఇక అంగళ్ళ సంగతి. గేటు దగ్గరి దాంట్లో గురి ముల్లు వంకరపోయి ఉంది. చెబితే "గాలికి బెలూన్ ఊగతా ఉంది సార్" అన్నాడు. గాలి ఎక్కడ? వెనక రేకు మాత్రమే కట్టాడు, సీసపు గుళ్ళు దానికి తగిలి వెనక్కి చిందుతున్నాయి. పిల్లల్ని అక్కడ నిలబెట్టకండి. లోపలి వరసలో ఒక పెద్దావిడ అంగడి ఉంది. వెనక మందపాటి గోనె పట్టా కట్టింది. తుపాకీ ఇస్తూనే "ఎడం పక్కకి పోతాది నాయనా, కాస్త కుడికి చూసి కొట్టు" అంది. తుపాకీ అదే రకం, వంకరా అదే. నా డబ్బులు ఎక్కువ ఆవిడ దగ్గరే పోయాయి, బాధ లేదు.

భోజనానికి చేపల పులుసు దొరికే చిన్న మెస్సు చూసుకోండి, రాత్రికైతే పులుసు బాగా ఊరి ఇంకా బాగుంటుంది. ఆటోకి మాత్రం ఎక్కే ముందే బేరం ఆడండి, పండగ రేటు వేరే.