ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు రేడియేషన్: హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి సేవలు ఎలా ఉన్నాయి

నగరంలోని ఈ కార్పొరేట్ ఆసుపత్రిలో మూడో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ప్లానింగ్ చక్కగా చేస్తారు. ఊపిరి తీస్తుంటే గడ్డ ఎంత కదులుతోందో ఫోర్ డీ సీటీలో, అంటే కదలికనూ పట్టే స్కాన్‌లో చూస్తారు. వారానికి ఐదు సిట్టింగులు, ఆరు వారాల్లో 60 గ్రే (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత). 20 గ్రే, ఆపైన పడే ఊపిరితిత్తి భాగం 35 శాతం దాటనివ్వరు.

లోటంతా రక్తపరీక్షల దగ్గరే. వారం వారం సీబీసీ (రక్తకణాల లెక్క) చేయిస్తారు, చూసేది మాత్రం హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లే. రోగనిరోధక తెల్లకణాలైన లింఫోసైట్ల వరుస మీదికి ఎవరి చూపూ పోదు. రేడియేషన్‌కు ముందుగా చచ్చేవి అవే. గుండెలోంచి, పెద్ద రక్తనాళాల్లోంచి పారే రక్తం రోజూ కిరణాల దారిలో పడుతుంది కాబట్టి గడ్డకు దూరంగా ఉన్నవీ తగ్గిపోతాయి. దెబ్బతిన్న క్యాన్సర్ కణాలను గుర్తుపట్టి చంపే టీ కణాలు వీటిలోవే. లింఫోసైట్లు మైక్రోలీటరు రక్తానికి 500 కంటే తగ్గితే తీవ్రమైన తగ్గుదలే. అందుకే గుండెకు ఎంత డోసు పడుతోందో కూడా డాక్టరుగారిని అడగండి.

రేడియేషన్ వల్ల గడ్డ కణాల మీద పీడీ ఎల్ 1 అనే ప్రొటీన్ పెరిగి టీ కణాలకు బ్రేకు పడుతుంది. డుర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఆ బ్రేకు తీస్తుంది. ఈ మందును పరీక్షించిన పసిఫిక్ ట్రయల్‌లో కీమో, రేడియేషన్ అయిన 42 రోజుల్లోపే మొదలుపెట్టి ఏడాది వరకు ఇచ్చారు. ఇక్కడేమో మందుకు ముందు గడ్డ పెరగలేదని చూసే స్కాన్‌కు తేదీ దొరికేసరికే ఆ గడువు చాలావరకు కరిగిపోతుంది. చివరి సిట్టింగుకు ముందే సీటీ తేదీ తీసుకోండి. ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పు ఉందో లేదో చెప్పే రిపోర్టూ చేతిలో ఉండాలి, ఆ మార్పు ఉన్నవాళ్లకు ఈ మందు అంతగా పనిచేయదు.

డిశ్చార్జి కాగితంలో న్యుమోనైటిస్ (చికిత్స వల్ల ఊపిరితిత్తుల్లో వచ్చే వాపు) మాటే లేదు. ఇది పెద్ద లోపం. తర్వాతి ఆరు నెలల్లో పొడిదగ్గు, ఆయాసం వస్తే ఊళ్లో సిరప్‌తో సరిపెట్టకుండా వెంటనే రేడియేషన్ ఓపీకి రండి.